తమిళవ్యాకరణపఠనము: లక్షణమార్గమును వర్ణనమార్గమును

వ్యాకరణ మనగా సాధుశబ్దములను అసాధుశబ్దములనుండి వేఱుపఱచు శాస్త్రమని సంస్కృతపాఠశాలలలో చదివినవారు తలతురు. అట్టివారు తమిళమును ఉన్నతవిద్యగా బోధించు విశ్వవిద్యాలయములలోని భాషాశాస్త్రశాఖకు బోయి చూచినచో మొదట తెల్లబోవుదురు. అచ్చట విద్యార్థి చేతికి ముందుగా సూత్రపాఠ మీయరు. ఒక తమిళుని యెదుట గూర్చుండబెట్టి, ఆతడు పలికినది పలికినట్లు వ్రాసికొమ్మందురు. ఆ పలుకులో ‘పోగిఱాన్’ అను గ్రంథరూపమునకు బదులు ‘పోఱాన్’ అని యుండును. ‘అవర్‌గళ్’ అనుటకు ‘అవంగ’ యని యుండును. ‘వీట్టిల్’ అనునది ‘వీట్ల’ యగును. ఇవి తప్పులని విద్యార్థి దిద్దబోయినచో ఆచార్యుడు వారించును. తప్పొప్పుల ప్రసంగము తరువాతిది, ముందు భాష యెట్లున్నదో చెప్పుమనును. ఈ పద్ధతికి వర్ణనాత్మకవ్యాకరణమని పేరు.

ఇది వ్యాకరణమా, వ్యాకరణభంగమా యను శంక పండితులకు గలుగుట సహజము. తెలుగునాట నీశంక మఱింత వేడితో గూడినది. గిడుగు రామమూర్తిపంతులు (1863-1940) మొదలైనవారు వ్యవహారభాషకై చేసిన వాదము, దానికి గ్రాంథికవాదు లిచ్చిన ప్రత్యుత్తరములు పండితలోకమును రెండు శిబిరములుగా జీల్చిన సంగతి యెల్ల రెఱిగినదే. ఆనాటినుండి ‘వాడుక’ యను మాట వినబడినంతనే కొందఱు కత్తి దూయుదురు, కొందఱు పూలదండ వేయుదురు. శాస్త్రవిచారమునకు రెండును అనవసరములు. తమిళవ్యాకరణమును విశ్వవిద్యాలయమున బఠించువాడు నిజముగా నెదుర్కొను చిక్కు వేఱు. నన్నూలు వల్లెవేసినవానికి తన యింటిలో తన తల్లి మాటలాడు భాషకు వ్యాకరణము కలదని తెలియదు. ధ్వనిలేఖనము నేర్చినవానికి తొల్కాప్పియపు సూత్ర మొక్కటియు విప్పుటకు రాదు. ఒకే భాషకు జెందిన రెండు శాస్త్రములు ఒకే విద్యాలయమున రెండు మేడలలో నుండి పరస్పరము పలుకరించుకొనకుండుట వలన నష్టపోవువాడు విద్యార్థియే.

సంస్కృతవ్యాకరణము చదివినవారికి ఈ వివాదము కొత్తది కాదు. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి బోయి కుండ చేసిపెట్టుమని యడుగును గాని, శబ్దము కావలసినవాడు వైయాకరణుని యింటికి బోయి శబ్దములు చేసిపెట్టుమని యడుగడని పతంజలి మహాభాష్యారంభముననే చెప్పియున్నాడు. శబ్దము లోకమున ముందే యున్నది; శాస్త్రము దాని వెనుక వచ్చినది. రథము తోలువానికిని వైయాకరణునికిని జరిగిన సంభాషణ మొకటి యదే భాష్యమున గలదు. వైయాకరణుడు సూత్రసిద్ధమైన రూపముతో సారథిని బ్రశ్నించును. సారథి లోకమున వాడుకలోనున్న వేఱొక రూపముతో బదులిచ్చును. అది యపశబ్దమని వైయాకరణు డనగా, అయ్యవారికి సూత్రప్రాప్తి తెలియును గాని లోకుల యిష్టప్రయోగము తెలియదని సారథి యెత్తిపొడుచును. ఆ చర్చలో గెలిచినవాడు సారథియే. పాణిని కాత్యాయన పతంజలులలో ఉత్తరోత్తరునికే ప్రామాణ్య మెక్కుడని సంప్రదాయజ్ఞు లొప్పుకొనుటకు గూడ లక్ష్యపరిశీలనమే మూలము. లక్ష్యమును మాత్రమే కన్నుగా గలవారు, లక్షణమును మాత్రమే కన్నుగా గలవారు అని వైయాకరణులను రెండు తెగలుగా జెప్పు వాడుకయు నీ పరంపరలోనిదే.

అయినను ఇక్కడ నొక భేదమును గప్పిపుచ్చరాదు. సాధుశబ్దముచేతను అపశబ్దముచేతను అర్థబోధ సమానముగానే కలుగుచుండ, శాస్త్రము చేయునది ధర్మనియమ మని పతంజలి మతము. అనగా అర్థబోధ యొకటి, నియమ మొకటి. వర్ణనాత్మకవ్యాకరణము మొదటిదానిని మాత్రమే తన విషయముగా గైకొనును. రెండవదానిని ఖండింపదు, దాని జోలికే పోదు. ‘ఎట్లు పలుకుచున్నారు’ అను ప్రశ్నకు సమాధానము దొరికినంతమాత్రమున ‘ఎట్లు వ్రాయవలెను’ అను ప్రశ్న తీరదు. ఈ గీటును దాటి, వర్ణనమునుండి విధిని బుట్టింపజూచువారు అభిమానముచేత నట్లు చేయుచున్నారే కాని శాస్త్రముచేత గాదు.

తమిళమున నుపలబ్ధమైన వ్యాకరణములలో బ్రాచీనతమము తొల్కాప్పియము. దాని కాలమును గూర్చి పండితులలో నైకమత్యము లేదు. ఎఴుత్తదికారము, సొల్లదికారము, పొరుళదికారము అని మూడధికారములు, ఒక్కొక్కదానియందు తొమ్మిదేసి ‘ఇయలు’లు, వెరసి యిరువదియేడు. గ్రంథప్రశస్తిరూపమైన పాయిరమునందు ఆచార్యుడు పరిశీలించిన సామగ్రి యేదో చెప్పబడినది: లోకవ్యవహారమును, కావ్యమును. వీనికి ‘వఴక్కు’, ‘సెయ్యుళ్’ అని పేర్లు. ఈ జంటను మఱవక గ్రంథము చదివినచో తొల్కాప్పియర్ అనేకస్థలములయందు శాసించుటకంటె జూచి చెప్పుటయే చేసినాడని తేటపడును.

ఇందుకు సొల్లదికారములోని మొదటి యియలునందలి యొక సూత్రము మంచి తార్కాణ. ఒక వ్యక్తిని గౌరవార్థము బహువచనముతో జెప్పుట లోకమున గలదని యాచార్యుడు గుర్తించును. అయితే అది వ్యవహారమునబుట్టిన యున్నతోక్తియే కాని వ్యాకరణమార్గమునకు జెందిన మాట కాదని యనును. ఏకవచనమునకు ఏకవచనము, బహువచనమునకు బహువచనము అనునది లక్షణము. గౌరవబహువచన మీ లక్షణమున కొదుగదు. ఒదుగదని దానిని దాచలేదు, నిషేధింపలేదు. ఉన్నదని చెప్పి, ఎక్కడ నున్నదో చెప్పి, దాని స్థానమున దానిని నిలిపినాడు. ఇప్పటి వర్ణనకారు డింతకంటె నేమి చేయును? కాలక్రమమున ఆ గౌరవరూపము తమిళమున స్థిరపడి, ‘అవర్’ అను బహువచనము గౌరవైకవచనమై, అసలు బహువచనమునకు ‘గళ్’ చేర్చి ‘అవర్‌గళ్’ అనవలసివచ్చినది. దానికే నోటిమాటలో ‘అవంగ’ యని రూపము. తెలుగులో ‘వారు’ అను మాట కట్టి ప్రస్థానమే కలదు. నాడు వ్యాకరణమార్గమునకు వెలుపల నుండినదే నేడు సర్వనామపట్టికలో మొదటి వరుసను గూర్చున్నది.

వర్ణవిభాగమున గూడ నిట్టి సంగతు లనేకములు. తమిళమునకు ముఖ్యాక్షరములు ముప్పది: అచ్చులు పండ్రెండు, హల్లులు పదునెనిమిది. హల్లులలో వల్లినము, మెల్లినము, ఇడైయినము అని యాఱేసి చొప్పున మూడు తెగలు. వర్గమున కొక్క స్పర్శాక్షరమే. ఖ గ ఘ లకు వేఱు లిపి లేదు. దీనినిబట్టి తమిళలిపి దరిద్రమని తెలుగువారు పరిహసించుట పరిపాటి. ఈ పరిహాసము వర్ణమునకును ధ్వనికిని గల భేద మెఱుగనివారిది. ‘కల్’ (రాయి) అనుచోట ఆదియందు ఖచ్చితమైన కకారము. ‘పక్కమ్’ అనుచోట ద్విత్వమున గూడ నట్లే. ‘తంగమ్’ (బంగారము) అనుచోట అనునాసికము పిమ్మట గకారము. ‘పగల్’ అనుచోట అచ్చుల నడుమ మెత్తబడి కొన్నియెడల హకారప్రాయము. ఈ ధ్వనులలో నొకదాని చోట మఱియొకటి రాదు. ఏ చోట నేది వచ్చునో చోటే నిర్ణయించును గావున అర్థభేదము వానివలన గలుగదు. అర్థభేదము కలిగింపని ధ్వనుల కన్నిటికి నొక్క యక్షరము చాలును. ఇట్లు ఒక కుదురుగానుండు ధ్వనులను భాషాశాస్త్రజ్ఞులు తెలుగులో ఒక వర్ణముయొక్క ‘సవర్ణము’లని వ్యవహరింతురు. పాణినీయుల సవర్ణసంజ్ఞ వేఱు. అది స్థానప్రయత్నసామ్యమునుబట్టి వచ్చినది. పేరు గలిసెను గదా యని రెండింటిని గలిపికొనరాదు.

అయితే ఈ యేర్పాటు నేటి తమిళమున నిండుగా నిలువలేదు. సంస్కృతమునుండియు, ఉర్దూ ఇంగ్లీషుల నుండియు వచ్చిన మాటలు ఆదియందు సరళములను దెచ్చినవి. ‘పావమ్’ అని యొకే తీరుగా వ్రాయబడునది పాపశబ్దభవమైనప్పుడు పకారముతోను, భావశబ్దభవమైనప్పుడు చదువుకొన్నవారి నోట బకారముతోను వినబడును. లిపి యొకటి, వర్ణములు రెండు. ప్రాచీనలక్షణమును మాత్రము చదివినవాడు ఈ రెండవ వర్ణమును జూడనే చూడడు. నేటి పలుకును మాత్రము విన్నవాడు లిపిలోని పూర్వపు పొందికను గ్రహింపడు.

పదాంతమునందలి హ్రస్వోకారమును గూర్చి తొల్కాప్పియర్ చెప్పినది మఱింత యాశ్చర్యకరము. ‘నాడు’ (దేశము), ‘పాక్కు’ (పోక), ‘కయిఱు’ (త్రాడు) అనువానిలో స్పర్శాక్షరము తరువాత వచ్చు తుది యుకారము ఏకమాత్రము గాదు, అర్ధమాత్రమే. దీనికి ‘కుఱ్ఱియలుగరమ్’ అని పేరు. నేడు ధ్వనిశాస్త్రజ్ఞుడు తమిళుని పెదవులను జూచి, ఈ యుకారమునందు పెదవులు గుండ్రపడకుండుటను గుర్తించి, దానికి ప్రత్యేకలిపిసంకేత మిచ్చును. ప్రాచీనుడు మాత్రనుబట్టి, నవీనుడు పెదవినిబట్టి పట్టుకొన్నది యొక్కటే. సంధియందును దీని ఫలము కనబడును: ‘నాడు’ ‘ఇల్లై’ కలిసి ‘నాడిల్లై’ యగును, ‘పశు’ ‘ఇల్లై’ కలిసి ‘పశువిల్లై’ యగును. మొదటిదానిలో పొట్టియుకారము లోపించినది, రెండవదానిలో నిండుయుకారము నిలిచి వకారము దెచ్చుకొన్నది. ఉకారసంధి నిత్యమను తెలుగువ్యాకరణనియమము నెఱిగినవారికి ఈ భేదము చూడదగినది. తెలుగున నొకే యుకారముగా గనబడుదానికి తమిళమున రెండు స్వభావము లున్నవి.

పదవిభాగమునకు వచ్చునప్పుడు ప్రమాణగ్రంథము తొల్కాప్పియము గాదు, నన్నూలు. జైనుడైన పవణంది మునివరుడు పదుమూడవ శతాబ్దిప్రాంతమున రచించిన 462 సూత్రముల గ్రంథమిది. తమిళపాఠశాలలలో నేటికిని పిల్లలకు జెప్పు వ్యాకరణ మంతయు దీని నీడలోనిదే. విభాజ్యపదమునకు ఆఱవయవములని నన్నూలు చెప్పును: పగుది, విగుది, ఇడైనిలై, చారియై, సంది, వికారము. సంస్కృతజ్ఞులు వీనిని జూచి ప్రకృతి, ప్రత్యయము, వికరణము, ఆగమము మొదలైనవానిని జ్ఞప్తికి దెచ్చుకొందురు. ఆ స్మరణము నిరాధారము కాదు. ‘నడందనన్’ (నడచెను) అను పదము వారి ప్రసిద్ధోదాహరణము. ‘నడ’ ప్రకృతి. దానిపై ‘త్’ అను సంధివర్ణము వచ్చి నకారముగా మాఱినది, అది వికారము. పిమ్మటి ‘త్’ భూతకాలమును దెలుపు నిడైనిలై. ‘అన్’ చారియై. తుది ‘అన్’ పురుషుని దెలుపు విగుది. ఒక్క పదమున ఆఱంగములును గనబడుచున్నవి.

నవీనవర్ణనకారుడు దీని నింకొకతీరున విడదీయును. ‘నడ’ యనునది ప్రకృతి, ‘ంద్’ అంతయు గలిసి భూతకాలచిహ్నము, మిగిలినది పురుషచిహ్నము. ‘సెయ్దాన్’ అనుచోట ‘ద్’, ‘పడిత్తాన్’ అనుచోట ‘త్త్’, ‘నడందాన్’ అనుచోట ‘ంద్’, ‘ఓడినాన్’ అనుచోట ‘ఇన్’ ఇవి యన్నియు నొకే భూతకాలపదాంశముయొక్క నానారూపములని యాతని సిద్ధాంతము. ఏ ధాతువున కేది వచ్చునో గణమునుబట్టి తెలియవలెను. జర్మనీదేశీయుడైన గ్రౌల్ ధాతువులను ఏడు గణములుగా జేసెను. మదరాసు విశ్వవిద్యాలయము 1924 మొదలు 1936 వఱకు సంపుటములుగా వెలువరించిన తమిళనిఘంటువు గణసంఖ్యను పదుమూడు చేసినది. ఈ రెండు పద్ధతులలో లాఘవ మెవరిది? ‘త్త్’ ‘ంద్’ లను సంధివికారములచేత నొక్క తకారమునకు దెచ్చిన నన్నూలు పద్ధతి పాణినీయుల మనస్సునకు వెంటనే రుచించును. స్థాని యొకటి, ఆదేశములు పెక్కు. కాని ఏ ధాతువునకు ఆ సంధివర్ణము వచ్చును, దేనికి రాదు అను ప్రశ్నకు నన్నూలున సుగమమైన సమాధానము లేదు. ఆ ప్రశ్నను గణపట్టికకు నెట్టి, పట్టికను స్పష్టముగా వ్రాసిపెట్టిన నవీనుని పద్ధతి, తమిళము మాతృభాష గానివానికి నిజముగా నుపకరించును. తమిళునికి గణము పుట్టుకతోనే తెలియును గనుక పవణందికి దానిని జెప్పవలసిన యక్కఱ కలుగలేదు.

ఈ గణములలో దాగిన యర్థభేద మొకటి ఆధునికవర్ణనమువలననే వెలికి వచ్చినది. ‘ఉడైందదు’ అనగా పగిలెను. ‘ఉడైత్తాన్’ అనగా పగులగొట్టెను. ‘ఓడినాన్’ పరుగెత్తెను, ‘ఓట్టినాన్’ తోలెను. ‘తిరుంబు’ ‘తిరుప్పు’ అను జంట తెలుగున ‘తిరుగు’ ‘త్రిప్పు’ అను జంటకు దోబుట్టువు. వీనిని అకర్మకసకర్మకము లనుట పూర్వపు బాశ్చాత్యవ్యాకర్తల యలవాటు. కాని ‘ఊరైచ్ చేర్‌న్దాన్’ (ఊరు చేరెను) అనుచోట ద్వితీయావిభక్తితో గూడిన కర్మ యున్నను క్రియ మెత్తనిగణముననే యున్నది. ‘చేర్త్తాన్’ అని బలిసినచో ఇతరములను జేర్చెనని యర్థము. కావున భేదము కర్మ యున్నదా లేదా యనుదానిలో లేదు. వ్యాపారఫలము కర్తయందే నిలుచునా, పరునికి సంక్రమించునా యనుదానిలో నున్నది. ఈ విషయమును కు. పరమశివము 1979లో విస్తరించి చర్చించెను. తమిళవైయాకరణుల తన్వినై, పిఱవినై యను పేర్లు తనపని, పరునిపని యను నర్థము నిచ్చుచు, సకర్మకాకర్మకసంజ్ఞలకంటె నీ సత్యమునకు జేరువగా నున్నవి. పేరు పెట్టినవాడు బాగుగానే చూచినాడు. ఆ పేరును సంస్కృతసంజ్ఞకు బర్యాయముగా జదివినవారే మాటను బోగొట్టిరి.

విభక్తులయందు దీనికి విపరీతమైన కథ కలదు. వేఱ్ఱుమైలు ఏడని చెప్పి, సంబోధనముతో నెనిమిదని తొల్కాప్పియర్ లెక్క పూర్తిచేయును. ఇది సంస్కృతపు లెక్కయే. దాని ఫలముగా ‘ఆల్’ ‘ఒడు’ అను రెండు ప్రత్యయములును తృతీయలోనే యిమిడినవి. నన్నూలు ఆ తృతీయకు కరణము, కర్త, సహభావము అను మూడర్థములను జెప్పును. సంస్కృతమున తృతీయకును ఈ మూడును గలవు గదా. కాని సంస్కృతమున నొకే రూపము మూడర్థముల నిచ్చుచుండ నొక విభక్తి యనిరి. తమిళమున రూపములు వేఱు, అర్థములు వేఱు. ఒక గూటిలో నేల యుండవలెను? 1989లో పుదుచ్చేరినుండి వెలువడిన తోమాస్ లేమన్ గారి నవీనతమిళవ్యాకరణము మొదలైన గ్రంథములు వీనిని కరణవిభక్తి, సహవిభక్తి యని రెండుగా జేసినవి.

తెలుగువ్యాకరణము ఈ త్రోవను ఇంకను దూరము పోయినది. ‘కు’ ప్రత్యయమును తమిళులు చతుర్థిగా నుంచిరి. తెలుగున చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) దానిని షష్ఠిలో జేర్చి, చతుర్థికి ‘కొఱకు’ ‘కై’ లను మిగిల్చినది. దానముచేయు సందర్భమున ‘బ్రాహ్మణునకు గోవు నిచ్చెను’ అని లోకమంతయు ననుచుండగా, బడిపిల్లవాడు ఆ ‘కు’ షష్ఠియని కంఠస్థము చేయవలసివచ్చినది. తమిళవ్యాకరణము పఠించు తెలుగు విద్యార్థి తన భాషలోని యీ మడతను మొదటిసారి యక్కడ జూచును. మఱియు ‘ఎనక్కుత్ తమిఴ్ తెరియుమ్’ అనుదానికిని ‘నాకు తమిళము తెలియును’ అనుదానికిని వాక్యనిర్మాణ మొక్కటే. తెలిసికొనువాడు కర్త గాక కువిభక్తియం దుండుట ద్రావిడభాషల సొత్తు. సంస్కృతకారకప్రకరణమున దీనికి సుఖమైన చోటు దొరకదు. ‘రోచతే’ మొదలైన కొలది ధాతువులయెడ నట్టిది కలదు గాని అచ్చట నది విశేషవిధి, ఇచ్చట సామాన్యధర్మము.

సంస్కృతపు గుడ్డను తమిళమునకు గుట్టినవారు తమిళులలోను లేకపోలేదు. పదునొకండవ శతాబ్దిని బౌద్ధుడైన బుద్ధమిత్రుడు రచించిన వీరసోఴియము, పదునేడవ శతాబ్దిని సుబ్రహ్మణ్యదీక్షితులు రచించిన ప్రయోగవివేకము ఈ తెగలోనివి. ఇవి విద్వత్తున కెంతమాత్రమును గొఱతగలవి గావు. సమాసములను గూర్చి ప్రయోగవివేకము చేసిన చర్చ నేటికిని ఆలోచింపదగినదే. కాని తమిళము స్వయముగా బెట్టుకొన్న సంజ్ఞలలో గల సూక్ష్మత వీనియందు మఱుగుపడినది. ఒక్క ‘ఎచ్చమ్’ అను మాట చాలును. దాని యర్థము శేషము. ‘వంద’ (వచ్చిన) అను రూపము పెయరెచ్చము, అనగా నామశేషము; నామము వచ్చి నిండింపవలసినది. ‘వందు’ (వచ్చి) వినైయెచ్చము, అనగా క్రియాశేషము. సమాపకక్రియ వచ్చి నిండింపవలసినది. వాక్యమున పదమునకు గల ఆకాంక్షయే సంజ్ఞగా నిలిచినది. తెలుగున వీనినే ధాతుజవిశేషణము, క్త్వార్థకము అనిరి. ‘క్త్వా’ యను ప్రత్యయము తెలుగునకు లేనేలేదు. తెలుగురూపము పేరును సంస్కృతప్రత్యయమునుండి యెరవు తెచ్చికొన్నది. ఏ పేరు విద్యార్థికి పదస్వభావమును జెప్పుచున్నదో వేఱుగ వివరింప నక్కఱలేదు.

నోటిభాషను వేఱుగా వర్ణింపవలెనను తలంపు విశ్వవిద్యాలయములు పుట్టకముందే విదేశీయులకు గలిగినది. జీగన్‌బాల్గు తమిళవ్యాకరణము 1716లో జర్మనీయందలి హాల్లెనగరమున నచ్చుపడినది. వీరమామునివ రని తమిళులచే బిలువబడిన బెస్కి పాదిరి సెందమిఴునకు వేఱు, కొడుందమిఴునకు వేఱు వ్యాకరణములను లాటిన్‌భాషలో వ్రాసెను. రెండవది 1738లో తరంగంబాడియం దచ్చయ్యెను. తమిళపండితులకై తొన్నూల్‌విళక్కమను సూత్రగ్రంథమును తమిళముననే రచించినవాడును ఈయనయే. రెండు భాషారీతులు, రెండు వ్యాకరణములు అను నేర్పాటు నితడు రెండువందలయేండ్లకు మించి ముందుగనే గావించినా డనవలెను. ద్రావిడభాషలు సంస్కృతజన్యములు గావను ఎల్లిసు దొర వాదము క్యాంబెలు తెలుగువ్యాకరణమునకు (1816) పీఠికగా వెలువడినది. కాల్డ్వెల్ గ్రంథము 1856 నాటిది. తమిళసంబంధము మొదట ఋజువైనది తెలుగువ్యాకరణపు టుపోద్ఘాతమున ననుట తెలుగుపండితులు జ్ఞాపకముంచుకొనదగిన సంగతి.

విశ్వవిద్యాలయములలో నీ రెండు మార్గములను గలుపజూచినవారిలో పి. యస్. సుబ్రహ్మణ్యశాస్త్రిగారి (1890-1978) పేరు ముందు చెప్పవలెను. మహాభాష్యమును తొల్కాప్పియమును రెంటిని సాధికారముగా జదివి, తమిళవ్యాకరణసిద్ధాంతముల చరిత్రను, వానికి సంస్కృతవ్యాకరణముతో గల సంబంధమును 1934లో గ్రంథరూపమున బ్రకటించిరి. 1929లో చిదంబరమున వెలసిన అణ్ణామలై విశ్వవిద్యాలయమున వీరు సంస్కృతము బోధించిరి. తరువాతితరమున తెలుగుదేశమునుండి భద్రిరాజు కృష్ణమూర్తిగారు (1928-2012) తెలుగుధాతువులను గూర్చి 1961లోను, ద్రావిడభాషలన్నిటిని గూర్చి 2003లోను గ్రంథములను వెలువరించి, తమిళమును చూడక తెలుగును, తెలుగును చూడక తమిళమును వివరించుట యసంపూర్ణమని స్థాపించిరి. మాటలాడు తమిళమునకు హెరాల్డ్ షిఫ్‌మన్ వ్రాసిన వ్యాకరణము 1999లో కేంబ్రిడ్జినుండి వెలువడినది.

ఈ చివరి గ్రంథము చదువునపుడు ‘ఏ తమిళుని మాట?’ అను ప్రశ్న పుట్టును. కులమునుబట్టి, ప్రాంతమునుబట్టి తమిళము మాఱుననుట జూల్ బ్లాకు 1910లోనే చర్చించిన విషయము. షిఫ్‌మన్ ప్రమాణముగా గైకొన్నది చదువుకొన్న బ్రాహ్మణేతరుల నోట, నాటకములలోను చలనచిత్రములలోను వినబడు సామాన్యభాషను. ఇదియు నొక యేఱివేఁతయే గదా! వర్ణనకారుడును ఏదో యొక శిష్టుని వెదకక తప్పలేదు. పతంజలి శిష్టుని ఆర్యావర్తమున వెదకెను. ఈయన వెండితెరపై వెదకెను. శిష్టుడు మాఱెను గాని శిష్టాపేక్ష మాఱలేదు. వర్ణనమార్గమున విధి బొత్తిగా లేదని గర్వించువారు దీనిని గమనింపవలెను.

తెలుగువిద్యార్థికి ఈ చదువువలన గలుగు లాభములలో నొకటి ధ్వనిపరిణామజ్ఞానము. తమిళగ్రంథభాషలో ‘మూన్ఱు’, ‘పన్ఱి’ యని యుండునవి నోటిమాటలో ‘మూణు’, ‘పన్ని’ యగును; తెలుగున ‘మూడు’, ‘పంది’. పలుకుట కష్టమైన యొక్క సంయుక్తమును రెండు భాషలు రెండువిధముల సులభము చేసికొన్నవి. ‘ఏఴు’, ‘కోఴి’ అనువాని ఴకారము తెలుగున డకారమై ‘ఏడు’, ‘కోడి’ యైనది. తమిళదేశమున పెక్కుచోట్ల నేడు ళకారమగుచున్నది. రేనాటిచోళుల ప్రాచీనశాసనములయందు ఈ ఴకారమునకు వేఱు లిపియే యుండినది. ‘కుడై’ యని వ్రాసి ‘కొడె’ యని పలుకు తమిళుని విన్నపిదప ‘గొడుగు’ అను తెలుగుమాటలోని యొకారము పరాయిదిగా దోపదు.

వర్ణనమార్గము పూర్వలక్షణము నెట్లు బ్రతికించునో చూపుట కొక్క యుదాహరణము చాలును. అ, ఇ, ఉ అను మూడును నిర్దేశకములని తొల్కాప్పియము చెప్పును. నేటి తమిళగ్రంథములలో ‘అవన్’, ‘ఇవన్’ అను రెండే కలవు, ఉకారము పోయినది. చిదంబరమునగాని మదురలోగాని చదువు విద్యార్థి ఈ ‘ఉ’ను నిఘంటువునకును వ్యాఖ్యానమునకును మాత్రము పరిమితమైన మృతరూపముగా నేర్చుకొనును. సింహళద్వీపపు యాఴ్పాణమున తమిళులు మాటలాడుచుండగా వ్రాసికొనువాడు మాత్రము దానిని సజీవముగా వినును. అచ్చట దగ్గఱివాడు ‘ఇవన్’, దూరమువాడు ‘అవన్’, ఎదుటివానిచెంత నున్నవాడు ‘ఉవన్’. వస్తువైనచో ‘ఇదు’, ‘అదు’, ‘ఉదు’. బడికి బోవని ముసలమ్మకును ఈ మూటి భేదము తెలియును.